మాత్రల పెట్టెలోని కాగితము



శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు ఆటంకము కలుగకుండుటకై, బహిష్టును వెనుకకు జరుపు మాత్రలను మందుల దుకాణమునుండి తెప్పించుకొంటిననియు, వానిని వేసికొనవచ్చునో లేదో తెలుపవలసినదనియు నొక సోదరి మాకు జాబు వ్రాసినది. పెండ్లిండ్ల దినములలోను, తిరుమల యాత్రల దినములలోను ఇట్టి జాబులు వచ్చుచునే యుండును. సమాధానము చెప్పుటకు ముందు, ఈ మాత్రకు దగ్గఱి చుట్టమైన గర్భనిరోధపు మాత్రను గూర్చి కొంత చెప్పవలసియున్నది. సిగ్గుపడి పుట త్రిప్పివేయవలదని మనవి.

గర్భనిరోధమునకై ఈ మాత్రను అమెరికా ప్రభుత్వము 1960లో అంగీకరించినది. మఱుసటి యేడే, వేఱొక వ్యాధికై దానిని వాడుచుండిన యొక నర్సునకు ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ చేరినదని ఇంగ్లండు వైద్యు డొకడు వైద్యపత్రికలో వ్రాసెను. వైద్యులు చదివిరి, మాత్ర మ్రింగు స్త్రీలకు మాత్రము ఎవరును చెప్పలేదు. 1970 జనవరిలో వాషింగ్టను నగరమున సెనేటరు గేలార్డు నెల్సను ఈ విషయమై విచారణసభ జరిపినప్పుడు, మాత్ర వాడి బాధపడిన స్త్రీ నొక్కతెను గూడ సాక్ష్యమునకు పిలువలేదు. ప్రేక్షకులలోనుండి కొందఱు యువతులు లేచి, స్త్రీలను ప్రయోగమృగములుగా నేల వాడుచున్నారని గట్టిగా నడిగిరి. మాత్రలతోపాటు హెచ్చరిక కాగితము నుంచవలెనని అక్కడి ఔషధశాఖ ఆ యేడే శాసించినది. మన యూళ్లలో దుకాణదారు అట్టను కత్తెరతో కత్తిరించి కావలసినన్ని మాత్రలిచ్చును. కాగిత మాతని పెట్టెలోనే యుండిపోవును.

ఆ కాగితములోని సారమిది. ఈ మాత్రలలో సాధారణముగా ఈస్ట్రోజెను, ప్రొజెస్టిను అను రెండు హార్మోనులుండును. పాలలో తోడు హెచ్చినట్లు, ఈస్ట్రోజెను వలన రక్తమును గడ్డకట్టించు పదార్థములు హెచ్చి, దాని నడ్డగించు పదార్థములు తగ్గును. గాయమైనచోట రక్తము గడ్డకట్టుట ప్రాణరక్షణము. గాయము లేనిచోట, కాలిపిక్క లోపలి సిరలో గడ్డకట్టినచో, అది ఊడి గుండె మీదుగా పోయి ఊపిరితిత్తుల నాళమును మూసివేయవచ్చును.

ఎంత అపాయమని యడుగుదురేమో. మా యింటివారు బడిలో లెక్కలు చెప్పువారగుటచే మాకు దీనిని కాగితముపై వేసి చూపిరి. గర్భము గాని మాత్ర గాని లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దఱికి ఇట్లు గడ్డకట్టును. లెవొనార్జెస్ట్రెల్ గల పాతరకపు మాత్ర వాడువారిలో 5 మొదలు 7 గురికి. డిసోజెస్ట్రెల్, డ్రాస్పిరినోన్ గల తరువాతి రకములు వాడువారిలో 9 మొదలు 12 గురికి. క్రొత్తదెల్ల మేలైనదని తలచువారికి ఈ లెక్క రుచింపదు. ప్రభుత్వ మూరక యిచ్చు మాలా-ఎన్ పాతరకములోనిదే. అందు ఈస్ట్రోజెను 30 మైక్రోగ్రాములు. 1960 నాటి మాత్రలో ఆ జాతి మందు 150 మైక్రోగ్రాములుండెను. ఇంకొక మాట: గర్భిణికిని, అంతకంటె నెక్కువగా బాలెంతరాలికిని, గడ్డకట్టు భయము మాత్రవలని భయముకంటె హెచ్చు. కావున మాత్రయే విషమని చాటువారి పక్షమున మేము చేరము.

అయితే ఆ కొద్దిమంది యెవరన్నదే చూడవలసినది. ఇదివఱకు తనకు గాని, తల్లికి, తండ్రికి, తోబుట్టువులకు గాని కాలిలోనో ఊపిరితిత్తులలోనో గడ్డకట్టియుండెనా? కాన్పయి ఆఱు వారములు నిండకయున్నవా? రక్తపుపోటు కలదా? కన్నులయెదుట మెఱుపులు కనిపించి వచ్చు పార్శ్వపునొప్పి కలదా? దేహము మిక్కిలి స్థూలమా? పెద్ద శస్త్రచికిత్స జరుగనున్నదా? 35 ఏండ్లు దాటి పొగ త్రాగు అలవాటున్నదా? ఈ కడపటి ప్రశ్నకు నవ్వవలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు అడ్డపొగ త్రాగు స్త్రీలు నేటికిని కలరు. ఇందులో దేనికైన ఔననవలసివచ్చినచో, వైద్యురాలి నడుగకుండ ఈస్ట్రోజెను గల మాత్రను ముట్టరాదు. హార్మోను లేని కాపరు-టి మొదలుగా వేఱు మార్గములు కలవు. మొదటి నెలలలోనే భయమెక్కువ గనుక, మాటిమాటికి మాని మరల మొదలిడుటయు మంచిది కాదు.

ఇక మన సోదరి మాత్ర. అది నోరెథిస్టిరోను, 5 మిల్లీగ్రాములు, దినమునకు 3 సారులు వేసికొనునది. ఇందు ఈస్ట్రోజెను లేదు గదా యని కొందఱందురు. కాని యింత మోతాదున వాడినప్పుడు దానిలో కొంత భాగము దేహములోనే ఈస్ట్రోజెనుగా మాఱును. ఆరోగ్యవంతురాలు కొన్ని దినములు వాడినచో భయ మల్పమే. పైన చెప్పిన ప్రశ్నలలో నొకటి తగులునామెకు, అందును రాత్రియెల్ల బస్సులో కదలక కూర్చుండవలసినప్పుడు, అల్పమని చెప్పజాలము. ఒకే అట్టను కూతురికి, కోడలికి, ఆడుబిడ్డకు పంచిపెట్టు గృహములను మే మెఱుగుదుము. ముగ్గురి దేహములు నొక్కటి కావు. వైద్యురాలి నడుగుటకు వ్యవధి లేనిచో, ఆ శుక్రవారము తప్పినవారు మఱియొక శుక్రవారమున వ్రతము చేసికొనుట మన యిండ్లలో నున్న యాచారమే.

ఏ మాత్ర వాడినను, ఒక కాలు మాత్రమే వాచి పిక్కలో నొప్పియు వేడియు కలిగినను, హఠాత్తుగా ఆయాసము వచ్చినను, ఊపిరి పీల్చిన రొమ్ము పొడిచినట్లున్నను, దగ్గులో నెత్తురు పడినను, మున్నెన్నడు నెఱుగని తలనొప్పి వచ్చినను, చూపు గాని మాట గాని తడబడినను తెల్లవాఱువఱకు ఆగరాదు. కాలిని మర్దించరాదు. ఆసుపత్రికి పోయి, ఈ మాత్ర వాడుచున్నానని మొదటనే చెప్పవలయును. అది తెలియనిచో పిక్కనొప్పిని బెణుకనియు, ఆయాసమును గ్యాసనియు పంపివేయుట కలదు. అత్తగారు ప్రక్కనుండుటచే నోరు రానిచో, మాత్రల యట్టను చేతిసంచిలో వేసికొనిపోయి వైద్యురాలి చేతికిచ్చినను చాలును.