జర్మనీ ఎన్నికల్లో చర్చకు రాని అయిదు శాతం

2025 ఫిబ్రవరి 23 నాటి జర్మనీ పార్లమెంటు (బుండెస్టాగ్) ఎన్నికలపై వచ్చిన వ్యాఖ్యానాలు రెండు విషయాల చుట్టూనే తిరిగాయి. ఒకటి, తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ 20.8 శాతానికి ఎగబాకడం. రెండోది, నియోజకవర్గాల్లో మొదటి స్థానంలో నిలిచిన 23 మందికి సీటు దక్కకపోవడం. ఈ రెండోదాన్ని ప్రజాతీర్పుకు ద్రోహమన్నవారు జర్మనీని మన ఎన్నికల లెక్కతో కొలుస్తున్నారు. అక్కడ ఏ పార్టీ బలమెంతో తేల్చేది పార్టీకి వేసే రెండో ఓటు. ఆ వాటాకు మించి ఎవరికీ సీట్లు ఉండవని, సభ 630 స్థానాలు దాటదని 2023లోనే చట్టం చేశారు. రాజ్యాంగ న్యాయస్థానం 2024 జులై 30న దాన్ని సమర్థించింది. ఇక అందులో తవ్వడానికేమీ లేదు.

పట్టించుకోవాల్సింది ఆ తీర్పులోనే ఉన్న మరో భాగం. అయిదు శాతం ఓట్లు రాని పార్టీకి సభలో చోటు లేదన్న నిబంధన, ఆ చట్టంలో ఉన్న రూపంలో రాజ్యాంగానికి పొసగదని కోర్టు చెప్పింది. మూడు నియోజకవర్గాలు గెలిచిన పార్టీకి పాతకాలం నుంచీ ఉన్న మినహాయింపును కొత్త చట్టం తీసేస్తే, మరో చట్టం వచ్చేదాకా అది కొనసాగాల్సిందేనంది.

అయిదు శాతం నిబంధననూ కోర్టు ప్రశ్నించవచ్చన్న ఈ ఆలోచనకు మూలం 1990లో ఉంది. ఏకీకరణ తర్వాతి తొలి ఎన్నికలకు దేశమంతటికీ ఒకే అయిదు శాతం గీత గీశారు. తూర్పున అప్పుడే పుట్టిన పార్టీలకు పశ్చిమాన పునాదే లేదు. ఆ ఏడాది సెప్టెంబరు 29న కోర్టు ఆ గీతను కొట్టేసింది. ఫలితంగా తూర్పు, పశ్చిమాలను విడిగా లెక్కించారు. తూర్పు జర్మనీ పాత పాలక పార్టీకి వారసురాలైన పీడీఎస్ దేశం మొత్తమ్మీద 2.4 శాతంతోనే 17 సీట్లు పొందింది. పశ్చిమ గ్రీన్స్ తమ ప్రాంతంలో 4.8 శాతం దగ్గర ఆగి సభకు దూరమయ్యారు. తూర్పు మిత్రులకు మాత్రం 8 సీట్లు వచ్చాయి. నా దృష్టిలో ఆ తీర్పు సారం ఒక్కటే: గీత శాశ్వతం కాదు, పరిస్థితి మారితే శాసనకర్తలు దాన్ని మళ్లీ సమర్థించుకోవాలి.

2025లో ఆ పరీక్ష జరగలేదు. వామపక్ష పార్టీ బీఎస్‌డబ్ల్యూ 4.98 శాతంతో, దాదాపు 9,500 ఓట్ల తేడాతో బయట ఉండిపోయింది. ఉదారవాద పార్టీ ఎఫ్‌డీపీ 4.3 శాతం దగ్గర ఆగింది. అన్నీ కలిపి నూటికి 13కు పైగా ఓట్లకు సభలో గొంతు లేదు. బీఎస్‌డబ్ల్యూ గీత దాటి ఉంటే, 328 సీట్లతో గద్దెనెక్కిన సీడీయూ-సీఎస్‌యూ, ఎస్‌పీడీ కూటమికి మెజారిటీయే ఉండేది కాదు. 45 శాతం లోపు ఓట్లకు మెజారిటీ కట్టబెట్టింది ఈ గీతే.

చిన్న పార్టీలవల్లే హిట్లర్‌కు ముందున్న వైమార్ గణతంత్రం కూలిందని దీన్ని వెనకేసుకొచ్చేవారు అంటారు. 1932 జులైలో నాజీలు 37.3 శాతం, కమ్యూనిస్టులు 14.3 శాతం తెచ్చుకున్నారు. సభను స్తంభింపజేసిన ఈ రెండు పార్టీలనూ ఏ అయిదు శాతమూ ఆపగలిగేది కాదు. కాబట్టి గీతను మూడు శాతానికి దించాలి, లేదా మొదటి ఎంపిక గీత దాటకపోతే ఓటు రెండో ఎంపికకు చేరేలా చట్టం మార్చాలి. 2024 తీర్పు అందుకు అడ్డు కాదు.