గెలిచాక కోట్లు సరే... గెలవకముందు గుడ్ల పైసలు ఎవరిస్తరు?

"భాయ్, విరాట్ కోహ్లీ పొద్దున ఏం తిన్నడో మీ మీడియోళ్లకు తెలుసు. మా యూనివర్సిటీ సెలెక్షన్స్ ఏ తారీఖో తెలుసా?"

మొయినాబాద్ మండలం ఎంకపల్లి దగ్గర చాయ్ హోటల్‌లో కూర్చున్నాం. మొదటి ప్రశ్న నేను అడగాలి. కానీ అతనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అతనికి 19 ఏళ్లు. బీకాం రెండో సంవత్సరం. 400 మీటర్ల రన్నర్. అబ్బా టైల్స్ పని చేస్తారు, అమ్మీ ఇంట్లో కుట్టు మిషన్ మీద పని చేస్తారు. పేరు రాయొద్దన్నాడు, కాలేజీ పేరు అసలే వద్దన్నాడు. "అటెండెన్స్ వాళ్ల చేతిలో ఉంది భాయ్" అన్నాడు నవ్వుతూ. మీట్‌కు పోయి వస్తే నాలుగు రోజుల అటెండెన్స్ పోతుంది. దాని కోసం ఓడీ లెటర్ పట్టుకుని ఒక రూం నుంచి ఇంకో రూంకు తిరగాలి. "ట్రాక్ మీద ఉరికేదానికన్నా ఆఫీస్ చుట్టూ ఉరికేదే ఎక్కువ" అంటాడు.

నేనూ కామర్స్ చదివినవాణ్నే. అందుకే మా మాటలు తొందరగానే లెక్కల్లోకి పోయాయి.

నెల ఖర్చు ఎంత?

టిష్యూ పేపర్ మీద ఇద్దరం కలిసి రాశాం. రోజుకు ఆరు గుడ్లు, నెలకు 1,260 రూపాయలు. రోజుకు అర లీటరు పాలు, 1,050. అరటిపండ్లు, శనగలు 500. సింథటిక్ ట్రాక్ కోసం వారానికి మూడు రోజులు గచ్చిబౌలి పోయి రావడానికి నెలకు 1,200. స్పైక్స్ జత నాలుగు వేలు, ఏడాదికి రెండు జతలు. నెలకు పంచితే దాదాపు 650. మొత్తం 4,660 రూపాయలు.

ఇందులో కోచ్ ఫీజు లేదు. తొడ కండరం పట్టేస్తే ఫిజియో దగ్గరికి పోయే ఖర్చు లేదు. చికెన్ కూడా లేదు, అది శుక్రవారం ఇంట్లో ఎట్లాగూ వండుతారని తీసేశాం. నెలకు 4,660 అంటే చాలా ఇండ్లల్లో ఒక చిట్టీ కట్టే పైసలు. అందుకే మామూ ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే మాట అంటారట: "బేటా, ఈ ఉరుకుడేదో స్విగ్గీలో ఉరుకు, పైసలన్నా వస్తయ్."

మామూ మాటను తప్పు పట్టలేం. ఆయన అడిగేది సూటి ప్రశ్న. ఈ ఖర్చుకు రాబడి ఎప్పుడు వస్తుంది? ఎవరికి వస్తుంది? మన సమాజంలో ఆట ఆడే ప్రతి పిల్లవాడి ఇంట్లో ఈ ప్రశ్న ఉంది. స్పోర్ట్స్ న్యూస్ మాత్రం దీనికి జవాబు చెప్పదు.

సిరాజ్ మనవాడే, కానీ...

2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో మన మహ్మద్ సిరాజ్ ఐదు వికెట్లు తీసి, ఇండియాను 6 పరుగుల తేడాతో గెలిపించిన రోజు ఈ కుర్రాడు క్లాస్ ఎగ్గొట్టి ఫోన్‌లో మ్యాచ్ చూశాడు. ఆ సిరీస్‌లో సిరాజ్‌వి 23 వికెట్లు. ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఆ తండ్రి 2020 నవంబర్‌లో చనిపోతే, ఆస్ట్రేలియా టూర్‌లో ఉండి జనాజాకు కూడా రాలేకపోయాడు. ఈ కథ మనలో తెలియని ఇల్లు లేదు.

"సిరాజ్ భాయ్ అంటే జాన్ ఇస్తా. కానీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టం నన్ను 'ఐపీఎల్‌ల ఎప్పుడు ఆడతవ్' అని అడుగుతరు. నేను ఆడేది క్రికెట్ కాదంటే, 'మరి ఎందుకు?' అంటరు" అని అతని బాధ.

నిఖత్ జరీన్ సంగతి తీశాను. నిజామాబాద్ బిడ్డ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. మొదటి టైటిల్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. సిరాజ్‌కు కూడా అదే ఏడాది డీఎస్పీ పోస్టు వచ్చింది. పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా బిడ్డ జీవాంజి దీప్తికి కోటి రూపాయలు, స్థలం, ఉద్యోగం ప్రకటించారు. ఆమె కోచ్‌కు కూడా 10 లక్షలు.

ఇవన్నీ ఇవ్వాల్సినవే, ఎవరూ కాదనరు. కానీ కామర్స్ భాషలో చెప్పాలంటే, ఇది బోనస్. పెట్టుబడి కాదు. వ్యాపారం నడిచాక ఇచ్చేది బోనస్. వ్యాపారం నడవడానికి ముందు పెట్టేది పెట్టుబడి. నిఖత్‌కు పెట్టుబడి పెట్టింది మొదట ఇంట్లోవాళ్లు. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు కాబట్టి బిడ్డకు ఏం కావాలో ఆయనకు తెలుసు. అట్లాంటి తండ్రి లేని ఇంట్లో పుట్టిన పిల్లలకు ఆ 4,660 రూపాయలు ఎవరిస్తారు?

పెట్టుబడి పెడితే ఏమవుతుందో మన దగ్గరే రుజువుంది

2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. చాయ్ అమ్మే తండ్రి బిడ్డ అగసర నందిని కూడా గురుకులంలోనే చదివింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 5,941 పాయింట్లతో బంగారం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు. ఇంట్లో గుడ్ల లెక్క వేసుకుంటూ చేసే ఆట కాదది. హాస్టల్, తిండి, కోచ్, గ్రౌండ్ ఒకే చోట దొరికితేనే సాధ్యం.

మరి మన పిల్లల కోసం మైనారిటీ గురుకులాలు ఉన్నాయి కదా. 2015లో సొసైటీ పెట్టారు. 204 స్కూళ్లు ఉన్నాయి. తిండి, హాస్టల్ ఉన్నాయి. అంటే సగం పెట్టుబడి ఇప్పటికే ప్రభుత్వం పెడుతోంది. జిల్లాకు ఒక్క స్కూల్లో ఒక్క ఆటకు పూర్తి స్థాయి కోచ్‌ను, ట్రాక్‌ను గట్టిగా అడిగితే మిగతా సగం వస్తుంది. మన లీడర్లను షాదీ ముబారక్ చెక్కు గురించి అడుగుతాం, స్కాలర్‌షిప్ గురించి అడుగుతాం. స్కూల్లో పీఈటీ ఉన్నాడా అని ఎప్పుడైనా అడిగామా?

గ్రౌండ్ ఏది?

2022 జూన్‌లో ఊరికో తెలంగాణ క్రీడా ప్రాంగణం అన్నారు. చాలా ఊర్లల్లో బోర్డు నిలబడింది, ఆట నిలబడలేదు. ఎక్కడో మూల జాగా, కంకర, ముళ్లకంప. ఇక మొయినాబాద్, చేవెళ్ల వైపు కథ వేరు. నగరం దగ్గర పడ్డాక ఖాళీ జాగా అంటే అందరి కళ్లూ అక్కడే. ఎంకపల్లి పేరు కూడా 2025లో పేపర్లలో వచ్చింది ఆట వల్ల కాదు, గోశాల కోసం తీసుకునే భూమి మీద రైతుల నిరసన వల్ల. ఎవరిది న్యాయం అనేది వేరే చర్చ. ఒక్కటి మాత్రం నిజం. ఇంత రేటున్న నేల మీద 400 మీటర్ల ట్రాక్ కోసం ఎవరూ ధర్నా చేయరు.

అందుకే ఇతను ఫజర్ నమాజ్ తర్వాత రోడ్డు మీద పరిగెత్తేవాడు. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది. 19 మంది చనిపోయారు. వాళ్లలో కాలేజీ పిల్లలున్నారు. ఆ రోజు నుంచి అమ్మీ అతన్ని రోడ్డు మీదకు పోనివ్వట్లేదు. ఇప్పుడు పొలం గట్ల మధ్య మట్టి బాట మీద ఉరుకుతున్నాడు. "మట్టి మంచిదే, మోకాలుకు నొప్పి ఉండదు. కానీ టైమింగ్ తెల్వది. నేను ఎంత స్పీడ్ ఉన్ననో నాకే తెల్వది" అన్నాడు.

అసలు దెబ్బ కాగితం దగ్గర

ఇది తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాలి. ఇతని దగ్గర కాలేజీల మధ్య జరిగిన పోటీల మెడల్స్ మూడు ఉన్నాయి. ఇంట్లో అందరూ వీటితో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందనుకుంటున్నారు. రాదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు సర్టిఫికెట్ నిర్ణీత ఫారంలో ఉండాలి. దేశం తరఫున ఆడితే ఫారం-1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం-3. రాష్ట్ర స్కూల్ జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం-4. కాలేజీల మధ్య ఎన్ని మెడల్స్ గెలిచినా, యూనివర్సిటీ జట్టులోకి ఎంపిక కాకపోతే ఫారం-3 రాదు. కాబట్టి మూడు మెడల్స్ కన్నా ఒక్క సెలెక్షన్ ఎక్కువ విలువైనది. ఆ సెలెక్షన్ తారీఖే ఇతనికి తెలియదు. పోయిన ఏడాది కాలేజీ నోటీస్ బోర్డు మీద కాగితం పెట్టేసరికి సెలెక్షన్స్ అయిపోయాయట.

కాగితం దెబ్బ పెద్దవాళ్లకూ తప్పలేదు. 2025 జులైలో జర్మనీలోని రైన్-రూర్‌లో ప్రపంచ యూనివర్సిటీ క్రీడలు జరిగాయి. మన బ్యాడ్మింటన్ జట్టుకు 12 మంది పోయారు. మేనేజర్ల మీటింగ్‌లో పేర్లు సరిగా ఇవ్వకపోవడంతో అందులో ఆరుగురిని మిక్స్‌డ్ టీం పోటీలో ఆడనివ్వలేదు. మిగిలిన ఆరుగురే ఆడి కాంస్యం తెచ్చారు. "మ్యాచ్ ఓడితే ఏడ్వొచ్చు భాయ్. లిస్టుల పేరు లేక ఇంటికొస్తే ఏం చెయ్యాలె?" అన్నాడు. జర్మనీకి పోయినవాళ్ల పరిస్థితే అది అయితే, నోటీస్ బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లవాడి గతి ఏంటి?

చెల్లెలు సంగతి

ఇతని చెల్లెలు ఇంటర్ చదువుతోంది. లాంగ్ జంప్ బాగా చేస్తుందట. ఇక్కడ ఒక మంచి మార్పు చెప్పుకోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, అన్న పెట్టే 1,200 రూపాయల బస్సు ఖర్చు చెల్లెలికి సున్నా. లెక్క ప్రకారం ఆమె ప్రాక్టీస్ అన్నకన్నా చౌక. అయినా ఇంట్లో ఆపుతున్నారు. కారణం పైసలు కాదు, దుస్తులు.

ఈ విషయంలో మనకు తెలిసింది తక్కువ, భయం ఎక్కువ. ఫుట్‌బాల్‌లో తల కప్పుకోవడానికి ఫిఫా 2014లోనే అనుమతి ఇచ్చింది. బాస్కెట్‌బాల్‌లో ఫీబా 2017లో నిబంధన మార్చింది. పూర్తి చేతులు, లెగ్గింగ్స్, తల కప్పుకుని ప్రపంచ స్థాయిలో పోటీ పడే అమ్మాయిలను టీవీలోనే చూస్తున్నాం. నిబంధన ఏముందో రాతలో అడిగి తెలుసుకోండి. అడగకుండానే బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు. లేడీ కోచ్ కావాలని అడగడం కూడా మన హక్కే.

పౌడర్ డబ్బా జాగ్రత్త

ఇంకో మాట. 2024లో మన దేశంలో 260 డోప్ శాంపిళ్లు పాజిటివ్ వచ్చాయి. ప్రపంచంలో మనమే ముందున్నాం. ఇది గర్వపడే మొదటి స్థానం కాదు. ఇందులో కావాలని చేసినవాళ్లు ఉంటారు, జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బా కలుపుకుని తాగినవాళ్లు కూడా ఉంటారు. తెలియక తాగాను అంటే శిక్ష పూర్తిగా పోదు. మన కుర్రాడికీ ఒక జిమ్ భాయ్ "ఒక్క నెలల బాడీ మారుతది" అని డబ్బా ఇచ్చాడట. అమ్మీ దాన్ని అల్మారాలో దాచి తాళం వేసింది. చాలా మంచి పని చేసింది.

2030కి ఇతనికి ఎన్నేళ్లు?

2025 ఆగస్టులో రాష్ట్రం కొత్త క్రీడా విధానం తెచ్చింది. కేంద్రం అంతకు నెల ముందే ఖేలో భారత్ నీతి ఆమోదించింది. 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ కావాలంటున్నాం. మంచిదే. కానీ 2030లో పరిగెత్తాల్సిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలో, ఇంటర్లో ఉన్నారు. వాళ్ల కోసం స్టేడియం కన్నా ముందు కావాల్సినవి చిన్న విషయాలు. సెలెక్షన్ తారీఖులు ప్రతి కాలేజీ విద్యార్థి ఫోన్‌కు రావాలి. మీట్‌కు పోయిన రోజుల అటెండెన్స్ అడగకుండానే పడాలి. మండలానికి ఒక్క సరిగ్గా కొలిచిన మట్టి ట్రాక్ ఉండాలి. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది కాబట్టి ట్రయల్స్ మధ్యాహ్నం కాకుండా పొద్దున పెడితే రోజా ఉన్న పిల్లలూ ఆడగలరు. వీటిలో వేటికీ కోట్లు అక్కర్లేదు.

మన వైపు నుంచి కూడా ఒకటి ఉంది. మొహల్లాలో పది ఇండ్లు కలిస్తే నెలకు 4,660 రూపాయలు ఇంటికి 466. చదువు కోసం ఇచ్చినట్టే ఆట కోసం కూడా ఒక పిల్లవాణ్ని, ఒక పిల్లను చూసుకోవచ్చు. ఏడాదికి లెక్క అడగండి, టైమింగ్ అడగండి. ఐపీఎల్ ఎప్పుడు అని మాత్రం అడగకండి.

చాయ్ అయిపోయింది. లేస్తూ మళ్లీ అదే అడిగాడు: "తారీఖు కనుక్కుంటరా భాయ్?" కనుక్కుంటానని మాటిచ్చాను. తెలిసిన రోజే ఇక్కడ వేస్తాం. మీ ఇంట్లో గానీ, మీ గల్లీలో గానీ ఆడే పిల్లలుంటే వాళ్లకు పంపండి.