తప్పు చిప్పుది, నెమ్మది మన పాత కంప్యూటర్‌కా?

రొంపిచెర్ల నుంచి నరసరావుపేట దాకా ఏ నెట్ సెంటర్‌లో కూర్చున్నా ఒక సలహా వినపడిద్ది: "అప్‌డేట్లు ఆపెయ్యన్నా, సిస్టం ఫాస్ట్‌గా ఉంటది." అందులో కొంత నిజం ఉంది. అదే ప్రమాదం.

2018 జనవరి 3న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ప్రాసెసర్‌ది. వేగం కోసం అది ముందే ఊహించుకుని పని చేసిద్ది. అనుమతి ఉందో లేదో తేలకముందే డేటా తెచ్చేసుకుంటది.

తాసిల్దార్ ఆఫీసు అనుకోండి. "పక్కాయన 1బిలో ఖాతా నంబర్ చూసి, ఆ నంబర్ రిజిస్టర్ పట్రా" అని నేనడిగా. అధికారి నోరు తెరిచేలోపే అటెండర్ చూసేసి, బీరువాలోంచి రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అధికారి "నీకు హక్కు లేదు, పోవయ్యా" అన్నాడు. నాకేం చూపించలా. రిజిస్టర్ మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఒక్కో నంబర్ రిజిస్టరూ అడుగుతా. అన్నీ బీరువాలోంచి ఆలస్యంగా వస్తయి, ఒక్కటి టక్కున వచ్చిద్ది. పక్కాయన నంబర్ దొరికిపోయింది. ఆ బల్లే కంప్యూటర్లో క్యాష్ మెమరీ. మెల్ట్‌డౌన్‌లో ఇట్టా చదివేది ఆపరేటింగ్ సిస్టం గుండెకాయని, కెర్నెల్ మెమరీని. మిగతా ప్రోగ్రాముల పాస్‌వర్డులూ దాంట్లోంచి అందుతయి.

మందు కూడా వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నాలజీ యూనివర్సిటీ వాళ్ళు 2017లో కైజర్ అనే పద్ధతి రాశారు. అదే లైనక్స్‌లో కేపీటీఐ అయింది, విండోస్‌లోనూ అట్టాంటిదే పెట్టారు. మామూలు ప్రోగ్రాం నడిచేటప్పుడు కెర్నెల్ మెమరీని దాదాపుగా దాని పటంలోనే లేకుండా చేస్తారు. రిజిస్టర్లన్నీ వేరే భవనంలో పెట్టినట్టు. భద్రమే, కాకపోతే పని పడ్డప్పుడల్లా అటూ ఇటూ తిరగాలి. 2015 నాటి, అంతకన్నా పాత ప్రాసెసర్ల మీద విండోస్ 7, 8 వాడేవాళ్ళలో ఎక్కువమందికి వేగం తగ్గినట్టు తెలుస్తదని మైక్రోసాఫ్టే చెప్పింది.

నాకు మండేది ఇక్కడే. ఆ తర్వాతి చిప్పుల్లో మెల్ట్‌డౌన్‌ని లోపలే సరిచేశారు. డబ్బున్నోడు కొత్తది కొన్నాడు. సెకండ్‌హ్యాండ్ సిస్టంతో బతుకు లాగేవాడికి వేగమో భద్రతో, ఏదో ఒకటే మిగిలింది.

గేములాడుకునేవాడు తన సొంత సిస్టంలో అప్‌డేట్ ఆపుకుంటే వాడిష్టం. ఊరందరి ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టే చోట ఆపకూడదు. ఈ దాడికి దొంగ కోడ్ ముందు ఆ మెషీన్లో నడవాలి. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చోట ఆ తలుపు తీసే ఉంటది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. పాత సిస్టంలో లైనక్స్ వేసుకోండి, అప్‌డేట్లకి పైసా అక్కర్లా. నెమ్మదంటారా, హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి.

మన వేలిముద్రలు తీసుకునే సచివాలయం సిస్టంకి సపోర్ట్ ఉందా, ఆఖరి అప్‌డేట్ ఎప్పుడయింది? సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టి అడగండి తమ్ముళ్ళూ. మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఫీజు కూడా లేదు.