పుండ్ల చేప గోడు వినేదెవరు?

డిసెంబర్ చలిలో ఒక ఆదివారం. కె.సి. కాలువ నీళ్ళు చేరే ఒక చెరువు గట్టు మీద మేము నలుగురం గాలాలు వేసుకుని కూర్చున్నాం. మాలో ఇద్దరు ఉద్యోగులు, ఒకరు డిగ్రీ చదివే విద్యార్థి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక కొరమీను పడింది. ముప్పావు కిలో ఉంటుంది. సంబరంగా ఒడ్డుకు లాగాం కానీ ముట్టుకోవడానికి ఎవరికీ చేయి రాలేదు. పక్కటెముకల మీద రూపాయి బిళ్ళంత పుండు. తోక దగ్గర ఇంకొకటి, ఎముక కనపడేదాకా తినేసింది.

పక్కనే వల విదిలిస్తున్న పెద్దాయన మా దగ్గరికి వచ్చి చూసినాడు. "నాలుగు దినాల నుంచి ఇట్లాంటివే పడ్తాండాయి. ఎవురికీ చెప్పాకండి నాయనా. తెలిస్తే సంతలో మా చేప ముట్టేవాళ్ళుండరు" అన్నాడు.

అందుకే ఆ చెరువు పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ విషయం మాత్రం రాస్తున్నాం. ఎందుకంటే ఆ పెద్దాయన భయం ఒక్కడి భయం కాదు. కర్నూలు, కడప జిల్లాల చెరువుల మీద, రిజర్వాయర్ల మీద బతికే ప్రతి గంగపుత్రుడిదీ అదే భయం. జబ్బు వచ్చిందని చెబితే బేరం పోతుంది. చెప్పకుంటే జబ్బు పక్క చెరువుకు పోతుంది. ఈ రెండింటి మధ్య అతన్ని నిలబెట్టింది ఎవరు?

ముందు జబ్బు సంగతి తెలుసుకుందాం. చేపల ఒంటి మీద ఎర్రమచ్చలు లేచి, అవి లోతైన పుండ్లుగా మారే రోగాల్లో పేరుమోసినది ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు లాంటి జీవి దీనికి మూలం. దాని బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ వచ్చి చేప చర్మానికి పట్టుకుంటాయి, కండలోకి దిగుతాయి. ఆ పుండులో తర్వాత బాక్టీరియా చేరుతుంది. వానలు పడి, నీళ్ళు చల్లబడే కాలం దీనికి అనుకూలం. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది కొరమీను, పరిగెలు. సంతలో అధిక ధర పలికే చేపకే అధిక రోగం.

ఇది నిన్న పుట్టిన రోగం కాదు. 1971లో జపాన్‌లో, 1972లో ఆస్ట్రేలియాలో కనిపించింది. ఆగ్నేయాసియా మీదుగా నడిచి 1988లో బంగ్లాదేశ్‌కు, అదే ఏడాది మన ఈశాన్య రాష్ట్రాలకు వచ్చింది. తొంభైల మొదట్లో దక్షిణాదికి దిగింది. అప్పుడు జనం పుండ్ల చేపనే కాదు, మంచి చేపను కూడా ముట్టడం మానేశారు. రోగం చంపిన చేపలు కొన్నయితే, పుకారు చంపిన బేరం అంతకంటే ఎక్కువ. గట్టు మీది పెద్దాయన భయానికి వెనక ఇంత చరిత్ర ఉంది.

నిజానికి ఈ రోగం చేప నుంచి మనిషికి అంటదు. పుండు పడిన చేపను తినకూడదు, అందులో బాక్టీరియా ఉంటుంది కాబట్టి. పుండు లేని చేపను బాగా ఉడికించి నిశ్చింతగా తినొచ్చు. ఈ రెండు ముక్కలు సంతలో నిలబడి చెప్పే అధికారి ఒక్కడుంటే చాలు, మత్స్యకారుడి పొయ్యి ఆరిపోదు.

మరి మా గాలానికి పడిన చేపది ఆ రోగమేనా? మాకు తెలియదు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. కండ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి. చేప పేను కొరికిన గాయానికి బాక్టీరియా పట్టినా పుండు పడుతుంది. పైర్లకు కొట్టిన పురుగు మందు వానకు కొట్టుకొచ్చినా, ఊరి మురుగు కలిసినా చేప నీరసించి రోగాలకు లొంగుతుంది. మోటుగా ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవచ్చు. అన్ని రకాల చేపలూ ఒక్క రాత్రిలో తేలితే నీళ్ళలో ప్రాణవాయువు పోయిందనో, విషం కలిసిందనో అనుమానించాలి. కొన్ని రకాలకే, రోజుల తరబడి పుండ్లు పడుతుంటే రోగాన్ని అనుమానించాలి. తేల్చి చెప్పాల్సింది మాత్రం ప్రయోగశాల.

ఆ ప్రయోగశాల కోసమే మేము ఒక కార్యాలయానికి ఫోన్ చేశాం. ఆదివారం ఎత్తలేదు. సోమవారం ఎత్తి, "ఫోటో పంపండి, చూస్తాం" అన్నారు. పంపాం. చూశారో లేదో ఇప్పటికీ తెలియదు.

రాష్ట్రంలో చేపల చదువు ఎక్కడుందో ఒకసారి లెక్కపెట్టండి. మత్స్య సాంకేతిక సంస్థ కాకినాడలో. మత్స్య కళాశాల నెల్లూరు జిల్లా ముత్తుకూరులో. మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేస్తే దాన్నీ పశ్చిమ గోదావరి నరసాపురానికే ఇచ్చారు. అక్కడ చెరువులున్నాయి, రొయ్యలున్నాయి, కాదనం. అక్కడి రైతుకు దక్కినదాని మీద మాకు ఏడుపు లేదు. కానీ శ్రీశైలం వెనుక జలాలు, సుంకేసుల, వెలుగోడు, అవుకు, గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్... వీటిలో ఉన్నవి చేపలు కావా? శ్రీశైలం కింద మునిగిన ఊళ్ళలో మన కర్నూలు ఊళ్ళు లేవా? కుళ్ళిపోయే చేపను ఐసు పెట్టెలో పెట్టుకుని రాత్రంతా బస్సెక్కి కోస్తాకు పోవాలా సీమ మత్స్యకారుడు?

కేంద్రం 2013లో జలచరాల రోగాల మీద జాతీయ నిఘా పథకం మొదలుపెట్టింది. 2023 జూన్‌లో 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' అని మొబైల్ యాప్ కూడా విడుదల చేసింది. మంచిదే. మా గట్టు మీద ఉన్న పెద్దాయన చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. ఆ యాప్ పేరు అక్కడున్న ఎవరమూ అంతకుముందు వినలేదు. రోగం ఉందని చెప్పే దారి ఢిల్లీ దాకా వేశారు, ఆ దారి మన గట్టు దాకా రాలేదు.

ఇంకో దేశం సంగతి చూడండి. ఆఫ్రికాలో జాంబెజీ, చోబె నదుల్లో 2006 చివర్లో పుండ్ల చేపలు కనపడ్డాయి. 2007 మే నెలకల్లా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణుల బృందం బోట్స్వానా, నమీబియా, జాంబియాలకు వెళ్ళి పరిశీలించింది. రోగం ఇదేనని తేలింది. అడవుల మధ్య పారే నదికి అంత దూరం నుంచి నిపుణులు రాగలిగితే, కాలువ గట్టున ఉన్న ఊరికి జిల్లా కేంద్రం నుంచి ఒక జీపు రాలేదా?

చేయగలిగిన పనులు కొండంతవి ఏమీ కావు. చిన్న చెరువులో, కుంటలో సున్నం చల్లితే రోగం అదుపులోకి వస్తుంది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ 'సిఫాక్స్' అనే మందు కూడా తయారు చేసింది. సున్నపురాయి మీద కూర్చున్న జిల్లాలు మనవి. మన రాయితో దేశమంతా సిమెంటు పోస్తున్నారు, మన చెరువుకు నాలుగు మూటల సున్నం కరువైంది! అయితే సుంకేసులకో, శ్రీశైలానికో సున్నం చల్లలేం. పెద్ద నీళ్ళకు మందు లేదు, నిఘా ఒక్కటే ఉంది. ముందుగా కనిపెట్టడం, పిల్లల్ని వదిలే ముందు పరీక్షించడం, రోగం ఉన్న చోటి నుంచి బతికిన చేపను ఇంకో చోటికి తీసుకుపోకుండా ఆపడం.

అందుకే మేము అడుగుతున్నది మూడే. కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి చేపల రోగ నిర్ధారణ ప్రయోగశాల. సెలవు రోజు కూడా ఎత్తే ఫోన్ నంబరు, ప్రతి గట్టు మీద, ప్రతి చేపల సంతలో రాసి ఉండాలి. రోగం చెప్పిన మత్స్యకారుడికి ఆ సీజన్ నష్టపరిహారం. మూడోది లేకుండా మొదటి రెండూ పనిచేయవు. నోరు తెరిస్తే కూడు పోతుందంటే ఎవరు తెరుస్తారు?

గాలం వేసే మిత్రులకూ ఒక మాట. పుండ్ల చేప పడితే తిరిగి నీళ్ళలోకి విసరొద్దు, కాకులకు వేయొద్దు. గట్టుకు దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. వల, గాలం, బుట్ట ఎండలో బాగా ఆరనివ్వకుండా ఇంకో చెరువుకు తీసుకుపోవద్దు. తేదీ, చోటు, చేప రకం రాసి, ఫోటో తీసి పెట్టుకోండి. రేపు అధికారి "మాకెవరూ చెప్పలేదు" అంటే చూపించడానికి పనికొస్తుంది.

ఇది చేపల గొడవే అనుకునేవాళ్ళు ఒక్కటి ఆలోచించండి. తుంగభద్ర నీళ్ళే కర్నూలు నగరం తాగుతోంది. ఆ నీళ్ళే కాలువెంట కడప దాకా పారుతున్నాయి. నీటికి జబ్బు చేస్తే ముందు చేప ఒంటి మీద కనపడుతుంది. ఆ చేప గాలానికి పడి మన చేతికి వచ్చింది. పరీక్షించే చోటు మన సీమలో ఉండాలి. అది అడిగి తీసుకునేదాకా మనం ఊరుకోకూడదు.