చేపల తొట్టితో ఇల్లు మారడం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు మారి చూడు అని మూడవ మాట చేర్చలేదంటే, ఆ కాలంలో పుట్టిన ఇంటనే జీవితం గడిచిపోయేది కాబోలు. నేడు మన సభ్యులలో చాలమంది ఉద్యోగాల రీత్యా, పిల్లల చదువుల రీత్యా వేలూరు, గుడియాత్తం, ఆంబూరు, చిత్తూరుల నడుమ సామాను మోస్తూనే వున్నారు. బీరువాను ఎట్లా కట్టాలో, రుబ్బురోలును ఎట్లా దించాలో వారికి ఒకరు చెప్పనక్కర లేదు. కాని ఏండ్ల తరబడి నడుస్తున్న చేపల తొట్టిని ఊరు దాటించడం ఎట్లా అన్నది అందరికీ తెలిసిన విద్య కాదు. ఈ సంక్రాంతి వెళ్ళినాక మాకు ఆ పని పడింది గనుక, ఈ నెల ముచ్చట అదే.

వేలూరు సత్తువాచారిలో మా అత్తమ్మ వొంటరిగా వుంటున్నది. మామగారు పోయి యేడాది దాటింది. ఆమెను గుడియాత్తంలో మా యింటికి తెచ్చుకొందామని మేమూ, మా ఇంటావిడా ఎన్ని తడవలు అడిగినా ఆమెది ఒకటే మాట. "చేపలు వచ్చేది లేదంటే నేను కూడా వచ్చేది లేదు నాయనా." ఆ తొట్టి మామగారు రిటైరయిన యేట పెట్టినది. పదకొండేండ్లు ఆయనే మేత వేసి, ఆయనే నీళ్ళు మార్చినారు. నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, అద్దానికి అంటుకొని వుండే సక్కర్ చేప ఒకటి. సాయంత్రం దీపం పెట్టినాక అత్తమ్మ ఆ తొట్టి ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. ఆమె చెప్పదలచిన మాటలన్నీ అక్కడే చెప్పుకొంటుందని ఇరుగు పొరుగు వారు మాతో అన్నారు. కనుక చేపలు దారిలో చనిపోతే సంగతి మేత డబ్బులతో తీరేది కాదు.

ఇంటికొక సలహా దొరికింది. నీళ్ళు సగం తీసి అట్లాగే వ్యానులోకి ఎత్తేయమని ఒకరు. అంతా ఖాళీ చేసి, గులకరాళ్ళు బ్లీచింగు పౌడరుతో కడిగి, ఎండబెట్టి, కొత్త యింట్లో కొత్త నీళ్ళతో శుభ్రంగా మొదలు పెట్టమని మరొకరు. రెండవ సలహా వినడానికి చాల బాగుంటుంది. చేపలను నిశ్చయంగా చంపేది కూడా అదే.

ఎందుకో చెబుతాము. చేప మొప్పల నుండి, దాని మలం నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. పాత తొట్టిలో రెండు జాతుల సూక్ష్మజీవులు ఈ విషాన్ని విరుస్తాయి. మొదటి జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. రెండవ జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. అది చాలవరకు నిరపాయం, వారానికి ఒకసారి కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ జీవులు నీళ్ళలో వుండేది బహు స్వల్పం. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద, జారుడుగా చేతికి తగిలే ఆ పొరలో వాటి కాపురం. అవి ఎండితే చస్తాయి, బ్లీచింగు తగిలితే చస్తాయి, గాలి ఆడకపోయినా చస్తాయి. మళ్ళీ కొత్తగా నిలదొక్కుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు తమ విషంలో తామే ఈదాలి.

ఈ సంగతి కనుగొన్న చరిత్ర చిత్రమైనది. 1850లో లండనులో రాబర్టు వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లను, నీటి మొక్కను, నత్తలను కలిపి పెట్టి అవి ఒకదాన్నొకటి ఎట్లా పోషించుకొంటాయో లోకానికి చూపినాడు. అదే పేరు గల ఆయన కుమారుడు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో పనిచేస్తూ, నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారడం రెండు మెట్లలో జరుగుతుందని తేల్చినాడు. 1890 ప్రాంతాన రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుచేసి చూపినాడు. తండ్రి తొట్టి పెడితే, ఆ తొట్టిని నడిపే గుట్టు కొడుకు పొలంలో దొరికిందన్న మాట. మన మద్రాసులో మెరీనా తీరాన 1909లోనే చేపల ప్రదర్శనశాల తెరిచినారు. ఆ శాల నేడు లేదు.

అత్తమ్మకు మేము ఈ పేర్లేవీ చెప్పలేదు. స్పాంజి కడగకూడదు అన్నప్పుడు ఆమె, "అంత మురికిని మోసుకు పోతారా?" అని అడిగింది. ఇది పెరుగు తోడు వంటిది, పాత తోడు లేనిదే కొత్త పాలు తోడుకోవు అన్నాము. ఆమె మరి మాట్లాడలేదు. ఆ స్పాంజి వున్న బక్కెటు తానే పట్టుకొంటానన్నది.

ఇక లెక్క చూడండి. తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే నాలుగున్నర ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 127 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు. గాజు, రాళ్ళు కలిపితే క్వింటాలున్నర దాటుతుంది. సగం నీళ్ళతో ఎత్తినా అడుగు గాజు వంగి, అతుకుల వద్ద సిలికాన్ విడిపోతుంది. తొట్టిని ఖాళీగానే ఎత్తాలి, ఇద్దరు అడుగున చేయి వేసి ఎత్తాలి.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. మన వేలూరు ఎండ ఎట్లాంటిదో పాఠకులకు చెప్పనక్కర లేదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పడుతుంది. ధనుర్మాసంలో ఇల్లు మారరు, అగ్ని నక్షత్రంలో చేపలు ఓర్వలేవు. పండుగ వెళ్ళినాక చల్లని ఆదివారం ఉదయం అందరికీ కుదిరింది.

ముందు రోజంతా చేపలకు మేత మాన్పించినాము. కడుపు ఖాళీగా వుంటే దారిలో నీరు చెడదు. ఉదయం ఆరింటికి పైనున్న తేట నీటిని మూడు 20 లీటర్ల క్యాన్లలో పట్టినాము. సబ్బు ఎన్నడూ తగలని మూతల బక్కెట్లు రెండింటిలో పాత నీరే పోసి, గోల్డ్‌ఫిష్‌లను రెండేసిగా దించినాము. సక్కర్‌కు వేరే బక్కెటు. మూతలకు చిల్లులు, లోపలికి బ్యాటరీ గాలి పంపు గొట్టం. చీకటిగా వుంటే చేపలు బెదరవు గనుక పైన తడిగుడ్డ కప్పినాము. స్పాంజిని తొట్టి నీళ్ళలోనే ముంచి, మూత పెట్టకుండా అత్తమ్మ చేతికిచ్చినాము. గులకరాళ్ళను తడిగానే గోనె సంచిలో కట్టినాము. చేపలను ఎత్తినాకనే రాళ్ళు తీయాలి; ముందే తీస్తే అడుగున పేరుకొన్న మడ్డి లేచి చేపలకు వూపిరాడదు.

వేలూరు నుండి గుడియాత్తం ముప్పయి అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ. విరించిపురం మలుపు వద్ద అత్తమ్మ బక్కెటు వొడిలో వుంచుకొనే మార్గబంధుకు చేతులు జోడించింది. దారి నడిచేవారికి తోడుండే స్వామి గదా. పళ్ళికొండ వద్ద పెద్ద రోడ్డు వదలి, పాలారు దాటి ఇల్లు చేరేసరికి గంట పట్టింది.

మా యింట్లో పడమటి ఎండ పడని గోడ వారగా బల్ల ముందే వేసి, రసమట్టం పెట్టి చూసి, థర్మాకోలు పరచి వుంచినాము. రాళ్ళు, ఫిల్టరు, పాత నీరు మొదట. తక్కువ పడిన నీటికి మునిసిపాలిటీ కుళాయి నీరు ముందునాడే పట్టి, క్లోరిన్ విరగడానికి హైపో చుక్కలు వేసి పెట్టుకొన్నాము. క్లోరిన్ చేపల మొప్పలను, ఆ సూక్ష్మజీవులను కూడ కాల్చివేస్తుంది. బోరు నీరు వాడేవారు ఉప్పుతనం, కాఠిన్యం చూసుకోవాలి. క్షారగుణం గల నీటిలో అమ్మోనియా విషం పెచ్చు, పి.హెచ్. 7 నుండి 8కి పెరిగితే విషరూపం సుమారు పదింతలవుతుంది. తరువాత బక్కెట్లలోకి కొత్త తొట్టి నీరు పావుగంటకొక గ్లాసు చొప్పున కలుపుతూ, గంటకు చేపలను వలతో మెల్లగా వదిలినాము. ఆ రోజు దీపం లేదు, మేత లేదు.

నాలుగింటిలో పెద్దది, మామగారు తెచ్చిన మొదటి జతలో మిగిలినది, రెండు రోజులు మూలన అడుగంటి కదలలేదు. అమ్మోనియా పరీక్ష చుక్కలు వేస్తే లేత పచ్చ రంగు తేలింది. అంటే కొంచెం వున్నది. పావు వంతు నీరు మార్చినాము. అత్తమ్మ ఆ రెండు రోజులు కొత్త యింట్లో పెట్టె విప్పలేదు. మేమూ ఏమీ అడగలేదు. మూడవ నాడు ఉదయం ఆ చేప పైకి వచ్చి నోరు తెరిచింది. అత్తమ్మ చిటికెడు మేత వేసి, మధ్యాహ్నానికి తన చీరలు మా బీరువాలో సర్దుకొన్నది. వారానికి పరీక్షలో పసుపు తప్ప మరే రంగూ లేదు.

ఇట్లా మోయడం చేతగానివారు చేపలను చెరువులోనో పాలారులోనో కోట అగడ్తలోనో వదిలి పుణ్యం కట్టుకొందామనుకొంటారు. అది పుణ్యం కాదు. సక్కర్ దక్షిణ అమెరికా చేప. ఆంధ్ర దేశంలో జాలరులు దాన్ని దెయ్యం చేప అంటారు. ముళ్ళతో వలలు చింపి, నాటు చేపల తిండి కాజేస్తుంది. వుంచుకోలేకపోతే పెంచే మరొక ఇంటికి, లేదా అమ్మిన అంగడికి ఇవ్వండి.

సభ్యులలో ఎవరికైనా ఇట్టి ప్రయాణం వుంటే ఇంతమాత్రం జ్ఞాపకముంచుకోండి: గాజు ఖాళీగా, స్పాంజి తడిగా, చేప ఆకలిగా, నీరు సగమైనా పాతదిగా. ఇంట్లో పెద్దవారు వుంటే ఆ స్పాంజి బక్కెటు వారి చేతికివ్వండి. భద్రంగా చేరుతుంది.