స్టాంపు కాగితంతో పెళ్లి తెగదు

జిల్లా పల్లెల్లో పెళ్లి కుదిరిందంటే బట్టలకు, బంగారానికి దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరతారు. ఆ పెళ్లి చెడితే దారిలోనే ఉన్న ఎల్.బి.నగర్‌లో దిగి జిల్లా కోర్టు మెట్లెక్కుతారు. నగ కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి విచారించేవారు, కాపురం తెగేటప్పుడు మాత్రం ఎవరినీ అడగకుండా కాగితం మీద వేలిముద్ర వేస్తున్నారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటారు. పెట్టుపోతల లెక్క తేలుస్తారు. స్టాంపు కాగితం మీద ‘నేటి నుంచి మా ఇద్దరికీ సంబంధం లేదు’ అని రాయించి సంతకాలు తీసుకుంటారు. పీడ వదిలిందని రెండు పక్షాలూ అనుకుంటాయి. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు ఇవ్వవలసింది కోర్టు. కులాచారంగా విడాకులున్న వారికి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే ఆ ఆచారం తరతరాలుగా ఉన్నదని రుజువు చేయాల్సింది చెప్పుకునేవారే. షెడ్యూల్డ్ తెగలకు వారి ఆచారం, ముస్లింలకు, క్రైస్తవులకు వారి చట్టాలు వేరే ఉన్నాయి.

ఆ కాగితాన్ని నమ్మి మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే అది నేరం. ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆడమనిషి మారుమనువు చేసుకున్నా అంతే. రెండో భార్యగా వచ్చిన అమ్మాయికి చట్టం దృష్టిలో భార్య హోదా ఉండదు. ఆమె బిడ్డలకు తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది గాని ఆమెకు ఉండదు. కాగితం రాయించిన పెద్దమనుషులు అప్పుడు సాక్ష్యానికి కూడా రారు.

ఇద్దరూ ఇష్టపడి విడిపోయే సక్రమమైన దారి 1976 నుంచే ఉంది. ఏడాది విడిగా ఉన్న తర్వాత ఇద్దరూ కలిసి కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. ఆ తర్వాత ఆరు నెలల గడువు. తగిన కారణం ఉంటే జడ్జి ఆ గడువును తీసివేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక వేధింపుల కేసు సంగతి. కేసు పెట్టారనగానే అత్తమామలు ఊరు విడిచిపోతారు. జామీను ఇప్పిస్తామనే దళారులకు బర్రెలమ్మి డబ్బు కడతారు. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇలాంటి కేసుల్లో అవసరమేమిటో చూడకుండా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది. అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నవారు పారిపోకుండా హాజరు కావాలి. ఒకవేళ అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివారికి తెలపాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి.

నోటీసు ఇచ్చారంటే కేసు పోయిందని కాదు. ఫిర్యాదు చేసిన ఆడపడుచుకు ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తాను ఉంటున్న చోటి కోర్టులోనే ఆమె భరణం అడగవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం కింద అత్తింట్లో నివాసం కోరవచ్చు.

రాజీ విషయంలో మరొక మెలిక ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చేసిన సవరణ వల్ల ఈ వేధింపుల కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు కలిగింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో రాజీ నేరాల పట్టికలో ఇది లేదు. కాబట్టి కొత్త కేసుల్లో ఊళ్లో రాజీ కుదిరినా హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టివేయించుకోవలసిందే. లేకపోతే భార్యాభర్తలు కలిసి కాపురం చేస్తున్నా వాయిదాలు తప్పవు.

కోర్టంటే ఏళ్లూ పూళ్లూ, పెద్దమనుషులైతే ఒక్క పూటలో తేలుస్తారని అంటారు. నిజమే. కలపగలిగితే కలపమనండి, సామాను పంచమనండి. తెంచే పని మాత్రం వారిది కాదు.

వకీలు ఫీజుకు భయపడవలసిన పని లేదు. 1987 నాటి చట్టం కింద ఆడవారికి, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతా పేదలకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. ఎల్.బి.నగర్ కోర్టుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. ఫోను చేయాలంటే 15100.

ఈ నాలుగు ముక్కలు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద, ప్రతి ఠాణా ముందు పెద్ద అక్షరాలతో రాయించాలి. చదువురాని వారి కోసం గ్రామసభలో చదివి వినిపించాలి. విడాకుల కాగితాలు రాసేవారిని, అది చెల్లదని ముందే చెప్పేలా అధికారులు కట్టడి చేయాలి. గోడ మీద సున్నానికి అయ్యే ఖర్చు, ఒక్క వాయిదాకు వచ్చిపోయే బస్సు చార్జీలకు మించదు.