వంచిన తల ఎత్తనివ్వాలి

కష్టజీవిని మెచ్చుకోవడానికి మనకో మాట ఉంది: వంచిన తల ఎత్తకుండా పనిచేస్తాడని. నారాయణఖేడ్ చుట్టుపక్కల చేలల్లో పత్తి ఏరే ఆడవాళ్లు, చెరుకు నరికే తండా కూలీలు, కుట్టుమిషన్ ముందు కూర్చునే దర్జీలు, ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసే బడిపిల్లలు అందరూ ఈ మెచ్చుకోలుకు అర్హులే. పొద్దు గూకేసరికి తల చుట్టూ పట్టీ బిగించినట్టుందని, మెడ పట్టేసిందని అనడమూ ఇళ్లలో మామూలే. రెండు వైపులా నొక్కినట్టుండే ఈ నొప్పిని వైద్యులు టెన్షన్ తలనొప్పి అంటారు. ఆ పేరు విని మనసులో దిగులే కారణమనుకునేవాళ్లు కొందరు. ఫోన్ చూస్తూ మెడ వంచడమే కారణమని పిల్లల్ని కసిరేవాళ్లు మరికొందరు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది. మెడకు అసలు కష్టం విరామం దొరకకపోవడం.

పెద్దవాళ్ల తల సుమారు 5 కిలోలు తూగుతుంది. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువులో ఎక్కువ భాగం వెన్నెముక మోస్తుంది. ముందుకు వంగినకొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని లాగిపట్టి ఉంచాలి. 60 డిగ్రీలు వంగితే మెడ మీద భారం 27 కిలోలకు చేరుతుందని 2014లో అమెరికా వైద్యుడొకరు లెక్కగట్టారు. అది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్కే తప్ప మనుషుల మీద తూచింది కాదు. మెడలో పుట్టిన నొప్పి నుదుట ఎందుకు తెలుస్తుందంటే, మెడ పైభాగపు మూడు నరాలు, ముఖం నుంచి వచ్చే నరం మెదడు కింద ఒకే చోట కలుస్తాయి. ఏ దారిన వచ్చిన కబురో మెదడు పోల్చుకోలేదు.

అలాగని వంపునే దోషిగా నిలబెట్టలేం. దీర్ఘకాలంగా టెన్షన్ తలనొప్పి ఉన్నవారి తల మిగతావారి కంటే ముందుకు చొచ్చుకుని ఉందని 2006లో స్పెయిన్ పరిశోధకులు చూపారు. అయితే వంపు వల్ల నొప్పి వచ్చిందా, నొప్పితోనే మెడ వంగిందా అన్నది ఒక్కసారి కొలిస్తే తేలదు. 2016లో ఆస్ట్రేలియాలో వెయ్యికి పైగా 17 ఏళ్ల పిల్లల్ని పరిశీలిస్తే, మెడ తీరును బట్టి తలనొప్పిలో తేడా కనిపించలేదు. మన పొరుగున కర్ణాటకలో బెంగళూరు నగరం, చుట్టుపక్కల పల్లెల్లో జరిపిన సర్వేలో ఏడాదిలో 35 శాతం మందికి టెన్షన్ తలనొప్పి వచ్చినట్టు 2015లో తేలింది. ఇంతమందిని బాధించే నొప్పికి ఫోన్ ఒక్కటే కారణమనడం కుదరదు. నిద్రలేమి, నీళ్లు తాగకపోవడం, అప్పుల దిగులు కూడా కలుస్తాయి. కానీ అలసిన మెడ వాటికి తోడవుతుందనీ, బలపడిన మెడ ఓర్చుకుంటుందనీ అనుకోవడానికి ఆధారం ఉంది. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి ఉన్న 198 మంది ఆఫీసు ఉద్యోగులతో జరిపిన ప్రయోగంలో రబ్బరు పట్టీతో రోజుకు 2 నిమిషాల వ్యాయామం చేసినవాళ్లకు 10 వారాల్లో తలనొప్పులు తగ్గాయి.

ఆఫీసు కుర్చీలో చెల్లిన చిట్కా పత్తిచేనులో చెల్లుతుందా? కిలోకింత అని కూలి ఇచ్చేచోట తల ఎత్తిన ప్రతి నిమిషానికీ నష్టమే కదా? ఈ అభ్యంతరం న్యాయమైనది. అందుకే తప్పు కూలి మనిషి మీదికి నెట్టి నిటారుగా ఉండమని నీతులు చెప్పడం సరికాదు. ఒడి నిండి గట్టుకు వచ్చినప్పుడు రెండు నిమిషాలు నిలబడి భుజాలు తిప్పుకోమనడం, ఏరేవాళ్లనూ మోసేవాళ్లనూ మార్చుతుండడం యజమాని చేతిలో పని. బడిలో పీరియడ్ మారేటప్పుడు పిల్లల్ని లేపి నిలబెట్టడానికి జీవో అక్కర్లేదు. ఈ మార్పులతో నొప్పి మాయమైపోతుందని హామీ లేదు, కానీ ఖర్చూ లేదు.

ఇవి చేయకపోతే మిగిలేది మందుల షాపు గోలీ. మామూలు నొప్పి మాత్రలే అయినా నెలలో 15 రోజులు, అంతకు మించి నెలల తరబడి మింగితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెస్తాయి. మంగలి షాపులో మెడ విరిపించుకోవడమూ మంచిది కాదు, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిట్లే ప్రమాదముంది. తలనొప్పి హఠాత్తుగా పిడుగు పడ్డట్టు వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చేయి కాలు పడిపోయినా, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా అది మెడ అలసట అనుకోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగతా రోజుల్లో పని చేయించుకునేవాళ్లు తమను తాము అడగాల్సింది ఒకటుంది: ఫలానా మనిషి వంచిన తల ఎత్తడని మురిసిపోయేముందు, ఎత్తడానికి ఆ మనిషికి మనం సందు ఇచ్చామా?